జబ్బుకో మాత్ర, మాత్రకో మాత్ర: వృద్ధుల మందుల చీటీని మొత్తంగా చదివేదెవరు?

న్యూఢిల్లీ: ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన వృద్ధులందరికీ ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను వర్తింపజేసే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. సుమారు 4.5 కోట్ల కుటుంబాల్లోని 6 కోట్ల మందికి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స అందుతుందని అప్పట్లో ప్రకటించింది. ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందుల ఖర్చు కూడా పథకంలో భాగమే.

పదహారో రోజు నుంచి ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. ఆ రోజు నుంచి మందుల ఖర్చుతో పాటు, వాటి మంచి చెడ్డలు చూసుకునే బాధ్యత కూడా ఆ ఇంటిదే అవుతుంది. ఉదయం పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రతో మొదలై రాత్రి నిద్ర మాత్రతో ముగిసే ఆ వరుసను మొత్తంగా పరిశీలించి, ఏది ఉండాలో ఏది అక్కర్లేదో చెప్పే వ్యక్తి దేశంలో అత్యధిక వృద్ధులకు అందుబాటులో లేరు. ఆ లోటు వల్ల కలిగే హాని ఎక్కడా మందుల హానిగా నమోదు కాదు. ‘పెద్ద వయసు కదా’ అన్న ఒక్క మాటతో అది వృద్ధాప్యం ఖాతాలో జమ అయిపోతుంది.

ఒక్కో వైద్యుడూ సరే, మొత్తం చీటీ సంగతేమిటి?

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నాటి నివేదిక ప్రకారం భారత్‌లో 60 ఏళ్లు పైబడినవారు 2022 నాటికి 14.9 కోట్ల మంది. 2050 నాటికి ఈ సంఖ్య 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు చేరుతుందని అంచనా. 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా ప్రజలతో 2017-18లో జరిపిన భారత వృద్ధాప్య దీర్ఘకాల అధ్యయనం (లాసీ) తొలి విడత, 60 ఏళ్లు పైబడినవారిలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉన్నట్లు తేల్చింది.

రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు, కీళ్ల నొప్పులు, థైరాయిడ్ లోపం, ప్రోస్టేట్ వాపు, నిద్రలేమి వంటివి ఒకే వ్యక్తిలో మూడో నాలుగో కలిసి ఉండటం ఈ వయసులో సర్వసాధారణం. ఒక్కో వ్యాధికి ఒక్కో నిపుణుడు, ఆయన శాస్త్రం ప్రకారం సరైన మందే రాస్తారు. గుండె వైద్యుడి చీటీలో నాలుగు, మధుమేహ వైద్యుడి చీటీలో మూడు, ఎముకల వైద్యుడి చీటీలో రెండు ఉంటే రోగి సంచిలో తొమ్మిది అవుతాయి. విడివిడిగా మూడు చీటీలూ తప్పు పట్టడానికి వీల్లేనివి. వాటిని కలిపి చూసినప్పుడే తేడా తెలుస్తుంది. అయితే కలిపి చూడటం ఆ ముగ్గురిలో ఎవరి విధి అన్నది ఎక్కడా స్పష్టంగా లేదు.

ఒక వ్యక్తి క్రమం తప్పకుండా ఐదు లేదా అంతకంటే ఎక్కువ మందులు వాడటాన్ని వైద్య పరిభాషలో ‘పాలీఫార్మసీ’ అంటారు. సంఖ్య ఎక్కువైనంత మాత్రాన తప్పు జరిగినట్లు కాదు. గుండెపోటు వచ్చినవారికి ఐదు మందులు అవసరమే కావచ్చు. కానీ మందులు పెరిగేకొద్దీ ఒకటి మరొకదాని పనికి అడ్డుపడే అవకాశాలు అంతకంటే వేగంగా పెరుగుతాయి. ఐదు మందుల మధ్య పది జంటలు ఏర్పడితే, పది మందుల మధ్య నలభై ఐదు ఏర్పడతాయి.

అదే మాత్ర, వేరే శరీరం

నలభై ఏళ్ల వ్యక్తికి సరిపోయిన మోతాదు డెబ్బై ఐదేళ్ల వ్యక్తికి ఎక్కువ కావడానికి స్పష్టమైన కారణాలున్నాయి. వయసుతో శరీరంలో నీటి శాతం తగ్గి కొవ్వు శాతం పెరుగుతుంది. కొవ్వులో కరిగే డయాజెపామ్ వంటి నిద్ర మందులు అందుకే వృద్ధుల శరీరంలో చాలా కాలం నిలిచిపోతాయి. రాత్రి వేసిన మాత్ర మత్తు మర్నాడు పగలు కూడా వదలదు. కాలేయానికి రక్త ప్రసరణ తగ్గడంతో కొన్ని మందులు నెమ్మదిగా విరుగుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మూత్రపిండాల మార్పు. వాటి వడపోత శక్తి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. అయితే రక్త పరీక్షలో కనిపించే క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. కండ కరిగిపోయిన బక్కపలచని వృద్ధుడిలో అది తక్కువగానే తయారవుతుంది కాబట్టి, మూత్రపిండాలు సగం శక్తి కోల్పోయినా నివేదికలో అంకె సాధారణంగానే కనిపించవచ్చు. ఆ ఒక్క అంకెను చూసి మోతాదు నిర్ణయిస్తే మందు శరీరంలో పేరుకుపోతుంది. వయసును కూడా లెక్కలోకి తీసుకొని అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ విలువను చూడాలని వైద్యులు చెప్పడానికి కారణమిదే.

మధుమేహానికి వాడే పాత మందు గ్లైబెన్‌క్లమైడ్ ఇందుకు మంచి ఉదాహరణ. అది విరిగాక ఏర్పడే పదార్థాలు కూడా చక్కెరను తగ్గిస్తాయి, మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. మూత్రపిండాలు మందగిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోయి గంటల తరబడి అలాగే ఉండిపోవచ్చు. 60 ఏళ్లు దాటినవారికి ఇది తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలోనే పేర్కొంది. ఈ కోవకు చెందిన ఇతర మందులు వాడుతూ ఏకాదశికో, శివరాత్రికో, రంజాన్ మాసంలోనో ఉపవాసం ఉండే వృద్ధులకూ ఇదే ముప్పు పొంచి ఉంటుంది. చెమటలు, వణుకు వంటి హెచ్చరికలు ఈ వయసులో స్పష్టంగా కనిపించకపోవచ్చు. మాట తడబడటం, తికమక పడటం మాత్రమే కనిపిస్తే ఇంట్లోవారు దాన్ని పక్షవాతమనో మతిమరుపనో అనుకుంటారు.

దుష్ప్రభావానికి కొత్త జబ్బు పేరు

ఒక మందు వల్ల పుట్టిన లక్షణాన్ని కొత్త వ్యాధిగా భావించి దానికి మరో మందు రాయడాన్ని వైద్యులు ‘ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్’ అంటారు. దీన్ని మందుల గొలుసుగా చెప్పుకోవచ్చు. భారతీయ ఇళ్లలో ఇది తరచూ కనిపించే రూపాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది పాదాల వాపు. రక్తపోటుకు విరివిగా వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చీలమండల వద్ద వాపు తెస్తుంది. దాన్ని నీరు పట్టడంగా భావించి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర రాస్తారు. ఆ మాత్రతో వాపు పెద్దగా తగ్గదు. కానీ ఒంట్లో సోడియం, పొటాషియం తగ్గుతాయి. రాత్రి పలుమార్లు మూత్రానికి లేవాల్సి వస్తుంది. చీకట్లో లేచిన వృద్ధురాలు కళ్లు తిరిగి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. ఆస్పత్రి రికార్డులో అది ‘జారిపడటం’గానే నమోదవుతుంది. ఈ గొలుసులో తొలి మాత్ర మోతాదు తగ్గించడమో, మార్చడమో చేస్తే సరిపోయేదన్న మాట ఎవరి నోటా రాదు.

రెండోది వణుకు. గ్యాస్, అజీర్తికి ఇచ్చే కొన్ని మందుల్లో ఆమ్లాన్ని తగ్గించే రాబెప్రజోల్ లేదా పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. తల తిరుగుడుకు సిన్నారిజిన్ లేదా ఫ్లూనారిజిన్ ఇస్తారు. ఇవి మెదడులో డోపమైన్ పనికి అడ్డుపడతాయి. నెలల తరబడి వాడిన వృద్ధుల్లో చేతుల వణుకు, నడకలో మందగమనం, ముఖంలో కదలిక లేకపోవడం వంటి పార్కిన్సన్స్ లక్షణాలు రావచ్చు. లెవోసల్పిరైడ్ వల్ల వచ్చిన ఇటువంటి సమస్యలపై దేశంలోని నరాల వైద్యులు పలు నివేదికలు ప్రచురించారు. కారణం గుర్తించి మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో లక్షణాలు తగ్గుతాయి. గుర్తించకపోతే వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ వంటి మందు తోడవుతుంది. అది మలబద్ధకాన్ని, మూత్రం ఆగిపోవడాన్ని, అయోమయాన్ని వెంటబెట్టుకొస్తుంది.

మూడోది నొప్పి మాత్ర. రక్తపోటుకు టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ వంటి మందు, దానితో పాటు మూత్రం పోయే మాత్ర వాడుతున్నవారు మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి కలిపితే మూత్రపిండాలకు రక్తం అందించే ఏర్పాటు మూడు వైపులా దెబ్బతింటుంది. ఎండాకాలంలో విరేచనాలో, చెమట వల్ల నీరు తగ్గడమో తోడైతే రోజుల వ్యవధిలోనే మూత్రపిండాలు విఫలం కావచ్చు. వడగాడ్పుల తీవ్రత ఎక్కువగా ఉండే తెలంగాణ, కోస్తాంధ్ర వంటి ప్రాంతాల్లో మే నెల వృద్ధులకు ఎండ ముప్పుతో పాటు ఈ మందుల ముప్పును కూడా తెస్తుంది. ఇదే నొప్పి మాత్ర రక్తపోటును పెంచి ఇంకో బీపీ మందుకు దారి తీయవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారిలో కడుపులో రక్తస్రావం తేవచ్చు.

చప్పుడు లేకుండా సాగే గొలుసులూ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గుతుంది. శాకాహారులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు వస్తే ‘షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయి’ అనుకొని నరాల మాత్ర మొదలుపెడతారు. ఆ మాత్ర మత్తును, తూలుడును తెస్తుంది. ఒక చిన్న రక్త పరీక్ష చేయిస్తే అసలు కారణం తేలిపోయేది.

దుకాణం, చీటీ, భాష

ఈ సమస్య ప్రపంచమంతటా ఉన్నా, భారత్‌లో దానికి కొన్ని ప్రత్యేక కారణాలున్నాయి. మొదటిది, మందు చేతికందే తీరు. అల్‌ప్రాజోలామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ వంటివి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం వాటిని చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మినప్పుడు వివరాలు నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ఆచరణలో పాత చీటీయో, ఖాళీ మాత్రల అట్టో చూపితే చాలాచోట్ల మందు దొరుకుతుంది. మూడు వారాలకని రాసిన నిద్ర మాత్ర మూడేళ్లు సాగేది ఇలాగే. జలుబు మాత్రకైతే చీటీ ఊసే ఉండదు. అందులోని క్లోర్‌ఫెనిరమైన్ వృద్ధుల్లో అయోమయానికి, ప్రోస్టేట్ వాపు ఉన్నవారిలో మూత్రం ఆగిపోవడానికి కారణం కావచ్చన్న హెచ్చరిక కొనేవారికి చేరదు.

రెండోది, మిశ్రమ మందులు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉన్నప్పుడు ఏది హాని చేసిందో కనిపెట్టడం కష్టం. హేతుబద్ధత లేదంటూ కేంద్రం 2016లో 344, 2024 ఆగస్టులో 156 మిశ్రమాలను నిషేధించింది. చివరి జాబితాలో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన ఒక మాత్ర కూడా ఉంది.

మూడోది పేర్లు, భాష. ఒకే టెల్మిసార్టాన్‌ను ప్రైవేటు వైద్యుడు ఒక బ్రాండు పేరుతో రాస్తారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అదే మందును మరో పేరుతో ఉచితంగా ఇస్తారు. రెండూ వేర్వేరు మందులనుకొని రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. జనరిక్ పేర్లే రాయాలన్న నిబంధనతో జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నియమావళి తెచ్చింది. వైద్య సంఘాల అభ్యంతరాలతో అదే నెలలో దాన్ని పక్కనపెట్టింది.

మాత్రల అట్టపై పేరు, మోతాదు ఇంగ్లీషులో ఉంటాయి. చీటీలో ‘బీడీ’ అంటే రోజుకు రెండుసార్లు అని, ‘ఎస్‌ఓఎస్’ అంటే అవసరమైతేనే అని రోగికి తెలిసే దారి లేదు. ‘అవసరమైతేనే’ అన్న నొప్పి మాత్ర ఆ విధంగా రోజువారీ మాత్రగా మారిపోతుంది. ఇంగ్లీషు చదవలేని వృద్ధులు మందులను ఎర్ర మాత్ర, పొడుగు మాత్ర, సగం మాత్ర అని గుర్తుపెట్టుకుంటారు. కంపెనీ మారితే రంగు మారుతుంది, ఆ గుర్తు పనికిరాకుండా పోతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండే ఇళ్లలో ఈ చీటీ చదివే పని వీడియో కాల్‌కు చేరింది. ఫోన్ తెరపై కనిపించిన మాత్రకు కొడుకు పేరు చెప్పగలడు గానీ, తల్లి నెల రోజులుగా తూలుతోందన్న సంగతి ఆమె చెబితేనే తెలుస్తుంది. చాలామంది తల్లులు ఆ మాట చెప్పరు.

మందు ఆపేయడం పరిష్కారం కాదు

ఈ వాదన మందులపై అపనమ్మకానికి దారి తీయకూడదు. రక్తపోటు మందులు పక్షవాతాన్ని, గుండెపోటును నివారిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు ప్రాణాలు నిలబెడతాయి. అవసరమైన మందు వృద్ధులకు అందకపోవడం కూడా ఇంతే పెద్ద సమస్య. పైగా కొన్ని మందులను ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. మెటోప్రోలాల్ వంటి బీటా బ్లాకర్లు అకస్మాత్తుగా మానేస్తే గుండె నొప్పి తిరగబెట్టవచ్చు. నిద్ర మాత్రలు మానితే ఫిట్స్ రావచ్చు. చాలా కాలం వాడిన స్టెరాయిడ్ మానితే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. తగ్గించడమైనా, ఆపడమైనా వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా జరగాల్సిందే.

వృద్ధుల వైద్యంలో అందుకే ఒక సూత్రం పాటిస్తారు. కొత్త లక్షణం ఏది కనిపించినా, అది కొత్త జబ్బు అని నిర్ణయించే ముందు పాత మందుల పని కాదని తేల్చుకోవాలి. ఏ మందులు వృద్ధులకు తగవో చెప్పే ప్రమాణాలు కొత్తవేమీ కాదు. అమెరికాలో వృద్ధుల వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో రూపొందించిన జాబితాను అక్కడి వృద్ధుల వైద్య సంఘం చివరిగా 2023లో సవరించింది. ఐరోపాలో 2008 నుంచి వాడుకలో ఉన్న ‘స్టాప్-స్టార్ట్’ ప్రమాణాలు, ఆపవలసిన మందులతో పాటు మొదలుపెట్టవలసిన మందులనూ సూచిస్తాయి.

ఇతర దేశాలు ఈ పనికి మనుషులను కూడా కేటాయించాయి. ఆస్ట్రేలియాలో ఫార్మసిస్టు ఇంటికి వెళ్లి మందులన్నీ పరిశీలించి వైద్యుడికి నివేదిక ఇచ్చే పథకం 2001 నుంచి ఉంది. జపాన్‌లో రోగి చేతిలో ‘మందుల పుస్తకం’ ఉంటుంది. ఏ దుకాణంలో మందు తీసుకున్నా వివరాలు అందులో చేరతాయి.

ఉన్న వ్యవస్థలతోనే

భారత్ శూన్యం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. 1996లోనే మద్రాసు వైద్య కళాశాలలో వృద్ధుల వైద్యంలో ఎండీ కోర్సు మొదలైంది. 2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం జిల్లా ఆస్పత్రుల్లో పది పడకల వార్డులు, కింది స్థాయిలో వృద్ధులకు ప్రత్యేక క్లినిక్‌లు ఉండాలని నిర్దేశించింది. ఆ క్లినిక్‌లలో మందుల సంచిని తెరిచి చూడటాన్ని తప్పనిసరి చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల గురించి వివరించడాన్ని ఫార్మసిస్టు విధుల్లో చేర్చాయి. ఆరేళ్ల ఫార్మ్-డీ కోర్సు 2008 నుంచి నడుస్తోంది. సరిగ్గా ఈ పని కోసమే శిక్షణ పొందిన ఆ పట్టభద్రులకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో తగినన్ని స్థానాలు లేవు. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ప్రతి పౌరుడికీ 14 అంకెల ఆరోగ్య ఖాతా ఏర్పాటు ఉంది. వేర్వేరు ఆస్పత్రుల చీటీలు నిజంగా ఒకచోట చేరితే, ఆ ఖాతానే వృద్ధుడి మందుల పుస్తకం కాగలదు.

మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకో విజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. వైద్యులే కాక రోగులు, కుటుంబ సభ్యులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఈ సౌకర్యం గురించి తెలిసినవారు తక్కువ. ‘వయసు’ అని సరిపెట్టుకున్న ఏ హానీ ఆ లెక్కలోకి రాదు.

కుటుంబాలు చేయగలిగిన పనీ ఒకటుంది. ఇంట్లో ఉన్న మందులన్నిటినీ, జలుబు మాత్రలు, ఆయుర్వేద చూర్ణాలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసి ఆరు నెలలకోసారి ఒకే వైద్యుడి ముందు పెట్టడం. ఒక్కోదాని గురించి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది దేనికి? ఎంతకాలం? మూత్రపిండాల పరీక్ష చూసి మోతాదు నిర్ణయించారా? ఇప్పుడు ఆపదగినది ఏదైనా ఉందా? కొత్తగా తూలుడు, అయోమయం, వణుకు, పడిపోవడం మొదలైతే, అంతకు ముందు కొద్ది వారాల్లో ఏ మందు మొదలైంది, ఏ మోతాదు మారింది అన్నది తేదీలతో సహా చెప్పగలగాలి.

అయితే ఈ భారమంతా కుటుంబాలపై వదిలేయడం న్యాయం కాదు. ఒంటరిగా ఉండే వృద్ధురాలికి ఆ సంచి మోసుకెళ్లేవారు ఉండరు. ఆరు కోట్ల మందికి ఆస్పత్రి ఖర్చు భరిస్తామని ముందుకొచ్చిన ప్రభుత్వం, వారిలో కొందరు మందుల వల్లనే ఆస్పత్రి పాలవుతున్నారన్న వాస్తవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మందులు రాయడానికి వేర్వేరు వైద్యులున్న ప్రతి వృద్ధ రోగికీ, ఆ మందులన్నిటికీ కలిపి జవాబు చెప్పే ఒకరు ఉండాలి. ఆ ఒకరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడా, ఫార్మసిస్టా, వృద్ధుల క్లినికా అన్నది విధానకర్తలు తేల్చవలసిన విషయం. అది తేలనంతకాలం మందుల హానికి వయసే జవాబుదారీగా నిలబడుతుంది.